పెరుగు పెట్టిన చెయ్యి

పదో రోజు కూడా ఏసురాజు పెరుగు వేయించుకోలేదు.

చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని, పొడిగానే నాలుగు ముద్దలు మింగి లేచాడు. జ్ఞానమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. పెరుగు లేకుండా ముద్ద దిగని మనిషి. పెళ్ళైన ఇరవై తొమ్మిదేళ్ళలో ఆమె ఎరిగి ఇదే మొదలు.

బయటికి పోతూ గుమ్మం దగ్గర కుడి భుజం తలుపుకి కొట్టుకున్నాడు. ఆ పక్క చూపు పోయి నాలుగు నెలలైంది. తలుపు ఎక్కడుందో భుజానికి ఇంకా తెలియలేదు.

"వద్దంటే వద్దని నోటితో చెప్పు," అంది జ్ఞానమ్మ ఆ వీపుతో. "పోయింది కన్నే గాని నోరు కాదుగా."

బయట చెయ్యి కడిగిన చప్పుడు. అంతే.

అప్పుడే సంచీ భుజాన వేసుకుని కూతురు ఆశాజ్యోతి లోపలికి వచ్చింది. రాత్రి విశాఖలో రైలెక్కి తెల్లారి తణుకులో దిగింది. తల్లి చేతిలో గరిటె, గరిటెలో పెరుగు, పళ్ళెంలో పొడి మెతుకులు. ఫోన్లో సగమే చెప్పారని ఆమెకి అర్థమైంది.

"నాతో కూడా మాట్లాడడా?" అంది.

"నీతో ఎందుకు మాట్లాడడు? కంట్లో పెరుగు పెడితే రక్తనాళాలు పెరుగుతాయని కనిపెట్టింది నువ్వేగా."

"నేను అలా చెప్పలేదమ్మా."

"పేపర్లో ఉంది."

"పేపరతను రాసుకున్నాడు."

"నీ ఫొటో వేశాడు. నవ్వుతున్నావు కూడా."

ఆ పేపరు ముక్క గోడ మీద, సిలువ కింద అంటించి ఉంది. అంటించింది ఏసురాజే. పై పేరా ఒక్కటే విని, అన్నం మెతుకులతో అంటించాడు.

కంటి నల్లగుడ్డు మీద రక్తనాళాలు పెరగడానికి లాక్టిక్ ఆమ్లమే కారణమనీ, అది కనిపెట్టింది మన జిల్లా అమ్మాయేననీ పెద్దక్షరాల్లో వేశారు. ఆదివారం గుడిలో పాస్టరు గారు అది చదివి దేవుడికి స్తోత్రం చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. కింది పేరా ఆయన చదవలేదు. లాక్టిక్ ఆమ్లం పెరుగులో ఉంటుందనీ, దెబ్బ తగిలిన కంటికి పల్లెల్లో పెరుగు పెట్టడం వల్లే చూపు పోతోందనీ అందులో విలేకరి సొంత తెలివి రాశాడు.

చప్పట్లు కొట్టినవాళ్ళు గుడి మెట్లు దిగేలోపు ఆ పేరా కూడా చదివేశారు.

ఇంక వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈస్టరు ముందు శనివారం బుల్లబ్బాయి గారి రొయ్యల చెరువులో సున్నం చల్లుతుంటే గాలి తిరిగి ఏసురాజు కంట్లో పడింది. క్యారేజీ పట్టుకెళ్ళిన జ్ఞానమ్మ అందులో పెరుగు తీసి ఆ కంటికి పెట్టింది. ఊరంతా ఎరిగిన సంగతే. ఇన్నాళ్ళూ పాపం అన్నారు. ఇప్పుడు పాపం ఎవరిదో తేల్చేశారు.

సోమవారం నుంచి వీధిలో ఆమె దగ్గర పెరుగు పోయించుకునేవాళ్ళు లేరు.

పక్కింటి తలుపులమ్మ గోడ మీంచి తల పెట్టింది. "అమ్మాయొచ్చిందా? బాగున్నావా అమ్మా? వదినా, ఇవాళ కూడా మాకొద్దులే. ఏం అనుకోకు. మా ఆయనకి అసలే కళ్ళు మసకలు."

"కడుపులోకి పోయిన పెరుగు కళ్ళలోకి ఎక్కుద్దా తలుపులమ్మా?"

"ఏమో మరి. చదువుకున్నోళ్ళు చెబుతున్నారు. మీ అమ్మాయే."

"చదువుకున్నోళ్ళు సారా తాగొద్దని కూడా చెబుతారు. అది మీ ఆయనకి వినపడదేం?"

తలుపులమ్మ తల దిగిపోయింది.

జ్ఞానమ్మ గరిటెలో పెరుగు కుండలోకి వంచేసి మూత పెట్టింది. "వెళ్ళు. వెళ్ళి మీ నాన్నతో మాట్లాడు. నువ్వు తెచ్చిందే, నువ్వే తీసుకుపో."

*

ఏసురాజు వెనక వసారాలో కూర్చుని చెక్‌ట్రే బాగు చేస్తున్నాడు. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడడానికి చెరువులోకి దింపే వలపళ్ళెం అది. సున్నం పని, మేత పని ఇక చెయ్యలేడని ఇంటికి పంపేశాక, ఊళ్ళో వాళ్ళవి తెచ్చుకుని కుడుతున్నాడు.

ఆశాజ్యోతి వచ్చి ఎడమ పక్క కూర్చుంది. ఆయన ఒకసారి చూసి, ఆమె తన కుడి పక్కకి, చూపు లేని పక్కకి, వచ్చేలా పీట జరుపుకున్నాడు.

ఆమె లేచి చుట్టూ తిరిగి మళ్ళీ ఎడమ పక్కకి వచ్చి కూర్చుంది.

ఈసారి జరగలేదు.

"కోపం నా మీదా, అమ్మ మీదా?"

సూది కన్నాల్లో దూరింది, వచ్చింది.

"చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటరు ఆగిపోతే ఏమవుద్ది నాన్నా?"

"నీకు తెలీదా? చెరువు గట్టు మీదే పెరిగావుగా."

"నువ్వు చెప్పు."

"రొయ్యలు గట్టుకొచ్చేస్తాయి. మీసాలు పైకెత్తి తేలతాయి."

"ఎందుకు?"

"ఊపిరాడక. ఇదంతా ఎందుకడుగుతున్నావు?"

"కన్నూ అంతే. నల్లగుడ్డు మీద అద్దం లాంటి పొర ఒకటుంటుంది. కార్నియా అంటాం. అందులో రక్తనాళాలు ఉండవు. ఉంటే చూపుకి అడ్డం. రక్తం రాదు కాబట్టి దానికి కావలసిన ఊపిరి బయటి గాలి నుంచే తీసుకుంటుంది. నీ కన్ను సున్నంతో కాలిపోయింది. వాచింది. ఊపిరి చాలలేదు. అప్పుడు ఆ పొర ఊపిరి లేకుండానే బతకాలని చూస్తుంది. లోపలున్న చక్కెరని వేరే దారిలో అరిగించుకుంటుంది. అక్కడ పుడుతుంది ఈ లాక్టిక్ ఆమ్లం. అది పోగయ్యే కొద్దీ, తెల్లగుడ్డు అంచున ఉన్న రక్తనాళాలు దాని వైపు పాక్కుంటూ వస్తాయి. సాయానికే వస్తాయి. వచ్చి చూపుకి అడ్డంగా కూర్చుంటాయి."

సూది ఆగింది.

"ఇది నిజంగా చూశావా?"

"ఎలకల కళ్ళలో చూశాం. మనుషుల్లో ఎంతవరకు అన్నది ఇంకా తేలాలి. అదే నా పని."

ఏసురాజు చెక్‌ట్రే ఎత్తి వలకన్నాల్లోంచి వెలుతురు చూశాడు.

"చెరువడుగున నల్లమట్టి లాంటిదన్నమాట," అన్నాడు. "గాలాడని చోట అదే పుడుద్ది. ఎవరూ తెచ్చి పొయ్యరు."

"అదే నాన్నా. అచ్చం అదే. మూడేళ్ళుగా ఇంత సులువుగా నేను ఎవరికీ చెప్పలేకపోయాను."

ఆయన నవ్వుతాడనుకుంది. నవ్వలేదు.

"అయితే పెరుగు పెట్టడం తప్పు కాదా?"

ఆశాజ్యోతి అబద్ధం చెప్పొచ్చు. ఇల్లు నిలబడుతుంది. చెప్పలేకపోయింది.

"తప్పే. కంట్లో పెరుగూ పెట్టకూడదు, చనుబాలూ పొయ్యకూడదు. సున్నం పడితే నీళ్ళే. అప్పటికప్పుడు, ఆగకుండా, అరగంట. కన్ను పోయింది సున్నంతోనే. కానీ వెంటనే నీళ్ళు పడి ఉంటే..."

"ఉంటే?"

"కొంతైనా మిగిలేదేమో."

ఏసురాజు చెక్‌ట్రే పక్కన పెట్టాడు.

"అదీ నేను అడిగేది. నీ ఆమ్లం సంగతి నాకొద్దు. పేపరోడి సంగతీ వద్దు. నీళ్ళు పోస్తే పోయేదానికి మీ అమ్మ పెరుగెందుకు పెట్టింది? పక్కింటి పిల్లాడి కంట్లో కారం పడితే బకెట్టెత్తి గుమ్మరించిన మనిషి. నా కంటికి నీళ్ళు గుర్తు రాలేదా? పది రోజులుగా ఇదే తిరుగుతోంది నా బుర్రలో."

"అమ్మనే అడగొచ్చుగా."

"అడిగితే ఏం చెబుతుందోనని."

ఆ మాట అన్నాక ఆయన మొహం తిప్పేసుకున్నాడు. ఈసారి కుడి పక్కకి.

*

జ్ఞానమ్మ పాకలో గేదెకి కుడితి పెడుతోంది.

"అమ్మా, ఆ రోజు నీళ్ళెందుకు పొయ్యలేదు?"

"దొరకలేదు."

"చెరువు గట్టు మీద షెడ్డుంది కదా. మంచినీళ్ళ టిన్నులు అందులోనే పెడతారుగా."

"పెడతారు."

"మరి?"

జ్ఞానమ్మ కుడితిలో చెయ్యి పెట్టి తవుడు కలుపుతూనే ఉంది. ఎప్పుడో కలిసిపోయింది.

"కన్నుకి నష్టపరిహారం ఇమ్మని నువ్వు పెట్టించిన అర్జీ సంగతి నువ్వు చూసుకో. నా సంగతి నేను చూసుకుంటాను," అంది.

"రెండూ ఒకటేనమ్మా. సోమవారం లేబరాఫీసులో అడిగేది ఇదే. కన్ను ఎవరివల్ల పోయిందని. నువ్వు మాట్లాడకపోతే వాళ్ళు నీవల్లే అంటారు."

"అననీ."

"అననీ ఏంటి? జీవితాంతం మొగుడి కన్ను తీసిందంటారు. రేపు ఆ చెరువులో ఇంకో తొమ్మిది మంది కళ్ళద్దాల్లేకుండా సున్నం చల్లుతారు. అందులో ఒకడికి పడితే వాడి పెళ్ళామే చేసిందంటారు."

జ్ఞానమ్మ తలెత్తి కూతుర్ని చూసింది. ఏదో చెప్పబోయింది. వీధిలో బండి ఆగింది. చెప్పలేదు.

*

తెల్ల కారు. ముందు సీట్లోంచి బుల్లబ్బాయి గారు దిగారు. వెనక సీట్లోంచి ఏసురాజు అన్న ఐజాక్ దిగాడు. సంఘ పెద్ద, ఆ చెరువుకి కాపలా. దిగినవాడు తలుపు వెయ్యడం కూడా మర్చిపోయాడు.

ప్లాస్టిక్ కుర్చీ వేశారు. బుల్లబ్బాయి గారు కూర్చున్నారు. ఐజాక్ అరుగు చివర కూర్చున్నాడు.

"ఎప్పుడొచ్చారు డాక్టరు గారూ?" అన్నారు బుల్లబ్బాయి గారు. ఆయన మాట ఎప్పుడూ మెత్తనే. "పేపరు చూశానమ్మా. మా చెరువు మీద పనిచేసినవాడి కూతురని పది మందికీ చెప్పుకున్నాను."

"డాక్టర్ని కాదండి ఇంకా. పరిశోధన పూర్తి కాలేదు."

"అలాగా. పేపర్లో అన్నీ తేల్చేసినట్టే రాశారే."

"పేపరు తేల్చిందండి. నేను కాదు."

ఆయన నవ్వి జేబులోంచి మడిచిన కాగితం తీశారు. "సరే, మనలో మనకి గొడవెందుకు. సోమవారం మనందరం ఆ ఆఫీసు మెట్లెక్కడం నాకిష్టం లేదు. జ్ఞానమ్మా, ఇది చదివించుకో. అబద్ధం ఒక్క ముక్క లేదు. ఉంటే చెప్పు, చించేద్దాం."

ఆశాజ్యోతి కాగితం అందుకుని పైకే చదివింది. 'నా భర్త కంటిలో సున్నము పడినప్పుడు నేను నా ఇష్టప్రకారము పెరుగు పెట్టితిని. అందువలన కన్ను చెడినది. ఇందులో చెరువు యజమాని తప్పు ఏమియు లేదు.'

"'అందువలన' అన్నది అబద్ధమండి," అంది.

"నువ్వు కనిపెట్టిందేగా అమ్మా."

"నేను కనిపెట్టింది కంటి లోపల పుట్టే ఆమ్లం గురించి. పెరుగు గురించి కాదు. సోమవారం వచ్చి నేనే చెబుతాను."

"చెప్పు. తప్పకుండా చెప్పు. పేపర్లో ఒకటి, ఆఫీసులో ఒకటి చెప్పిన అమ్మాయిని, అందులోనూ సొంత తల్లి కోసం, ఎవరు నమ్ముతారో చూద్దాం."

ఆశాజ్యోతి కాగితం మళ్ళీ మడిచింది. అది నిజమేనని ఆమెకీ తెలుసు.

ఐజాక్ గొంతు సవరించుకున్నాడు. "పెట్టేయమ్మా జ్ఞానమ్మా. సంతకమేగా. పడాల్సిన మాట ఎలాగూ పడింది. మళ్ళీ కొత్తగా పడేదేముంది?"

"పడింది నా మీదే కదా బావగారూ," అంది జ్ఞానమ్మ. "మీకెందుకంత బరువుగా ఉంది?"

ఐజాక్ నేల చూశాడు.

వెనక వసారాలోంచి ఏసురాజు వచ్చి తలుపుకి ఆనుకున్నాడు. యజమానికి దణ్ణం పెట్టలేదు. అది బుల్లబ్బాయి గారు గమనించారు.

"ఏసురాజూ, నువ్వైనా చెప్పవయ్యా మీ ఆవిడకి. పెరుగు పెట్టిందా, లేదా?"

"పెట్టిందండి."

"అంతే కదా. ఉన్నమాట."

"ఆయ్. ఉన్నమాటే."

జ్ఞానమ్మ మొగుణ్ణి చూసింది. పది రోజుల తరవాత ఆయన నోట ఆమె గురించి వచ్చిన మొదటి మాట అది. అదీ ఇంకొకడికి జవాబుగా.

కొంగుతో చేతులు తుడుచుకుంది. కుడితి వాసన పోలేదు. కూతురి చేతిలో కాగితం తీసుకుని అరుగు మీద పరిచింది.

"కలం ఇవ్వండి," అంది.

"అమ్మా!"

"నువ్వుండవే. పెరుగు పెట్టింది నిజం. నేను చేసిన పనికి నేను సంతకం పెడతాను. నాకు సిగ్గేం లేదు."

బుల్లబ్బాయి గారు కలం తీసి మూత కూడా తీసి ఇచ్చారు. జ్ఞానమ్మ దాన్ని కూతురి చేతిలో పెట్టింది.

"ముందు ఇందులో రెండు ముక్కలు రాయి. 'అందువలన కన్ను చెడినది' కొట్టెయ్. కింద ఖాళీ ఉందిగా, అక్కడ పెరుగెందుకు పెట్టానో రాయి. తరవాత సంతకం పెడతాను."

"అదెందుకమ్మా ఇప్పుడు?" అన్నారు బుల్లబ్బాయి గారు. మెత్తదనం కొంచెం తగ్గింది.

"అబద్ధం ఒక్క ముక్క ఉండకూడదన్నారుగా అండి. సగం నిజం ఉండొచ్చా మరి?"

"నాలుగు నెలలు ఊరుకుని ఇప్పుడు కథలు చెబుతావా?"

"కథ మీరు తెచ్చారు. ముగింపు నన్ను చెప్పనివ్వండి."

ఆయన కాగితం కోసం చెయ్యి చాపారు. జ్ఞానమ్మ అరచెయ్యి దాని మీద వేసి అదిమింది. నల్లగా, పగుళ్ళతో, బరువైన చెయ్యి. ఆయన చెయ్యి వెనక్కి వెళ్ళింది.

అప్పుడు ఏసురాజు మాట్లాడాడు.

"ఆ రోజు ఏదో తలుపు బాదుతున్న చప్పుడు విన్నాను."

బుల్లబ్బాయి గారు తలుపు వైపు తిరిగారు.

"కన్ను మంటకి నాకు లోకం తెలీలేదు. కానీ చప్పుడు విన్నాను. రేకు తలుపు. ధనధనా కొడుతున్నారు. అది నువ్వేనా?"

"నేనే."

"ఏం తలుపది?"

"షెడ్డు తలుపు."

"ఎందుకు కొట్టావు?"

"నీళ్ళ కోసమయ్యా!" జ్ఞానమ్మ గొంతు ఒక్కసారిగా లేచింది. "ఇంకెందుకు? చెరువు నీళ్ళు తెల్లగా సున్నంతో తిరుగుతున్నాయి. బోరు నీళ్ళు ఉప్పు. అది కూడా తిప్పుదామంటే కరెంటు లేదు. కాలవ కట్టేసి వారం రోజులు, అడుగున బురద తప్ప చుక్క లేదు. ఉన్న మంచినీళ్ళు షెడ్డులో. షెడ్డుకి తాళం. నువ్వు గట్టు మీద పొర్లుతున్నావు. ఇటుక తీసుకుని కొట్టాను. ఊడలేదు. అరిచాను. ఎవరూ లేరు. మిగతావాళ్ళు అవతలి చెరువు మీద ఉన్నారు. ఇంక నా చేతిలో ఉన్నది క్యారేజీ ఒక్కటే. అందులో తడిగా, చల్లగా ఉన్నది పెరుగొక్కటే. పెట్టాను. అవును, పెట్టాను. మన్ను తీసి పెట్టమన్నా పెట్టేదాన్ని ఆ ఘడియలో."

ఏసురాజు తలుపు వదిలి ముందుకి వచ్చాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగావా?"

ఆయన తల వంచుకున్నాడు.

"పది రోజులు నా చేతి పెరుగు వద్దన్నావు. నా మొహం చూడలేదు. ఊళ్ళో వాళ్ళ మాట నమ్మావు. పేపరోణ్ణి నమ్మావు. ఒక్కసారి, ఏమే, నీళ్ళెందుకు పొయ్యలేదే అని అడిగావా?"

"తప్పు నాదే," అన్నాడు ఏసురాజు. "కానీ అడక్కపోయినా చెప్పాలిగా. నాలుగు నెలలు కడుపులో పెట్టుకుంటావా?"

"చెబితే నువ్వు అక్కడితో ఆగుతావా? తాళం ఎవరి దగ్గరుందని అడుగుతావు."

ఆశాజ్యోతి కలం అప్పటికే కాగితం మీద నడుస్తోంది. కాలవ కట్టేసిన మాట, ఉప్పు నీళ్ళ మాట, ఇటుక మాట. రాస్తూ రాస్తూ అక్కడ ఆగింది.

"ఎవరి దగ్గరుందమ్మా?"

జ్ఞానమ్మ చెప్పలేదు. కూతురి మొహం చూడలేదు. అరుగు చివరకి కూడా చూడలేదు. ఎటు చూడకూడదో అటు చూడకుండా ఉండడానికి ఆమె ఎంత కష్టపడిందంటే, అందరికీ తెలిసిపోయింది.

ఏసురాజు తిరిగి అన్న వైపు చూశాడు. ఒక్క కన్నుతో మనిషిని పూర్తిగా చూడాలంటే మెడంతా తిప్పాలి. అంతా తిప్పాడు.

బుల్లబ్బాయి గారు కుర్చీలోంచి లేచారు.

"ఇలాంటి మాటలు వినడానికి నేను రాలేదు. ఆ కాగితం మీరే ఉంచుకోండి. ఉంచుకుని ఏం చేస్తారో నేనూ చూస్తాను. గుర్తుంచుకోండి, ఈ ఊళ్ళో చెరువులన్నీ నావీ నా చుట్టాలవీనూ. రేపు పనికి పిలిచేవాడుండడు."

"మమ్మల్ని పిలవక నాలుగు నెలలైందండి," అంది జ్ఞానమ్మ. "చావలేదు."

"ఐజాక్, పద."

ఆయన కారెక్కి కూర్చున్నారు.

ఐజాక్ అరుగు మీంచి లేవలేదు. తువ్వాలు తీసి ఒళ్ళో మడతలు పెడుతున్నాడు. మడత విప్పుతున్నాడు, మళ్ళీ పెడుతున్నాడు.

హారన్ మోగింది.

"ఆ రోజు నా మొలలో ఉంది," అన్నాడు.

"ఏంటది?" అన్నాడు ఏసురాజు.

"తాళంచెవి. ఈస్టరు కదా అని సమాధుల తోటకి వెళ్ళాను. అమ్మా నాన్నల సమాధికి సున్నం కొడదామని. గంటలో వచ్చేద్దామనుకున్నాను. చెవి మొలలోనే ఉండిపోయింది. నేనొచ్చేసరికి నిన్ను ఆటోలో ఎక్కిస్తున్నారు. జ్ఞానమ్మ నన్ను చూసింది. నా మొల కూడా చూసింది. ఇంతవరకు నన్ను ఒక్క మాట అనలేదు."

"అంటే ఏమవుద్ది?" అంది జ్ఞానమ్మ. "మీరు సంఘ పెద్ద. అనకపోయినా మీకు తెలుస్తుందనుకున్నాను. ఇవాళ కాగితం పట్టుకుని ఆయన కార్లో దిగారు చూడండి, అప్పుడు నాకు తెలిసింది, మీకు తెలియలేదని."

ఏసురాజు అన్న మీదికి రెండడుగులు వేశాడు. ఆశాజ్యోతి లేచి అడ్డం నిలబడింది.

"ఉండు నాన్నా."

"లే అన్నయ్యా," అన్నాడు ఏసురాజు, ఆమె భుజం మీంచి. "లేచి ఆ బండెక్కు. నా గుమ్మంలో కూర్చోకు."

ఐజాక్ లేవలేదు. "రాయి తల్లీ," అన్నాడు తమ్ముడి కూతురితో. "ఆ రోజు తాళంచెవి ఐజాక్ దగ్గర ఉంది, అని రాయి."

ఆశాజ్యోతి తల్లి వంక చూసింది. జ్ఞానమ్మ అరచెయ్యి కాగితం మీంచి తీసింది. ఆశాజ్యోతి కూర్చుని రాసింది.

"రాశావా?"

"రాశాను పెదనాన్నా."

"మరి తరవాత ముక్క అడగవేం?"

"ఏ ముక్క?"

"కాపలావాడికి మంచినీళ్ళకి తాళం వెయ్యాలని ఎందుకనిపిస్తుంది తల్లీ? వాటితో కాళ్ళు కడుక్కుంటున్నారు, రోజుకొక టిన్ను మించి బయట పెట్టొద్దు, నీ చెవి నీ దగ్గరే ఉంచుకో అని నాకు చెప్పిన మనిషుండాలా, వద్దా?"

ఈసారి హారన్ ఆగకుండా మోగింది. పాకలో గేదె బెదిరి పలుపు గుంజుకుంది. గోడ మీంచి తలుపులమ్మ తల మళ్ళీ పైకొచ్చింది. ఈసారి ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఆమె పక్కన ఉన్నారు. వాళ్ళ మొగుళ్ళు ఇంకా ఆ చెరువులోనే సున్నం చల్లుతున్నారు.

"అది ఇక్కడ చెప్పడం కాదు బావగారూ," అంది జ్ఞానమ్మ. "సోమవారం అక్కడ చెబుతారా?"

కారు వెనక తలుపు ఆయన దిగినప్పటి నుంచీ తెరిచే ఉంది. డ్రైవరు దిగి వచ్చి దాని పక్కన నిలబడ్డాడు.

ఐజాక్ తువ్వాలు భుజాన వేసుకుని లేచి నిలబడ్డాడు. వెళ్ళి ఆ తలుపు బయటి నుంచే మూసేశాడు.